నీళ్ళు నావి, పూలు పైవాళ్ళవి

మా ఆయన చేతికి కత్తెర దొరికితే ఆగడు. లక్డీకాపూల్‌లో ఆయన పనిచేసిన ఆఫీసు ముందు చెట్లన్నీ లడ్డూల్లా గుండ్రంగా ఉండేవి. ముప్పై ఏళ్ళు వాటిని చూసి చూసి, రిటైరయ్యాక మా నాంపల్లి ఇంటి ముందున్న మొక్కల్నీ అలాగే చేశాడు. మందారం లడ్డూ, నందివర్ధనం లడ్డూ, ఆఖరికి కరివేపాకు కూడా లడ్డూనే. పప్పులోకి ఒక రెబ్బ తుంచితే షేపు పోయిందని గొడవ. నేను ఫోన్‌లో వీడియోలు చూసి నాదో సిద్ధాంతం తయారు చేసుకున్నాను. చెట్టు దాని ఇష్టానికి అది పెరగాలి, మనిషి చెయ్యి పడకూడదు.

ఆ సిద్ధాంతాన్ని నిరూపించడానికే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒక తీగ గులాబీ కొన్నాను. అప్పుడు దానికి నాలుగు ఆకులు, ఒక మొగ్గ. పెరటి గోడ పక్కన నాటి, దీని మీద కత్తెర పడితే ఇంట్లో పొయ్యి వెలగదని ఆయనతో చెప్పాను. ఆయన నమ్మాడు. రెండేళ్ళు తిరిగేసరికి అది కిటికీ దాటి పై అంతస్తు చేరింది.

పైన మా యారాలు ఉంటుంది, అంటే మా మరిది భార్య. అత్తగారు పోయాక ఇల్లు పంచుకుంటే కింద మాకు, పైన వాళ్ళకు వచ్చింది. మా పుట్టింటివాళ్ళు ఆబిడ్స్‌లో మూడు తరాల టీచర్లు. ఆమెది మెదక్ వైపు వ్యవసాయం చేసిన ఇల్లు. ఆమెకేం తెలుసులే అని నాకు మొదటినుంచీ చిన్నచూపు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడైతే ఒప్పుకునేదాన్ని కాదు.

ఒకరోజు ఆమె వెనక బాల్కనీలో బట్టలారేస్తుంటే గులాబీ కొమ్మ చీరను పట్టుకుని చింపింది. ఆమె ఆ కొస తుంచి కింద పడేసింది. నేను సరిగ్గా కిందే ఉన్నాను. పెంచినవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ అని నాలుగిళ్ళకు వినబడేలా అన్నాను. ఆమెకు పిల్లల్లేరు. పన్నెండేళ్ళు దవాఖానల చుట్టూ తిరిగింది. ఆ సంగతి తెలియక అనుంటే నోరు జారిందనుకోవచ్చు. నేను తెలిసే అన్నాను. పైన తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత రెండేళ్ళు మాకు మాటల్లేవు. అన్నదమ్ములు మాత్రం రోజూ సాయంత్రం కలిసి ఛాయ్‌కి పోయేవారు, సిగ్గులేని మనుషులు. పైవాళ్ళ సంగతులు ఇంట్లో ఎత్తొద్దని మా ఆయనకు ఆర్డరు వేశాను. వెళ్ళి తప్పయిందని చెప్పాల్సింది నేనే. పెద్దదాన్ని కదా, చిన్నదే దిగి రావాలని బిగదీసుకు కూర్చున్నాను. గులాబీ ఎవరి కోసమూ ఆగలేదు, పైకే పోయింది. నాకు మిగిలినవి మొండి కాండం, ముళ్ళు. మా పెరడు ఎంత ఇరుకంటే తల ఎత్తితే సన్‌షేడ్ తప్ప ఏమీ కనబడదు. పైన పూస్తోందని రాలిన రేకుల వల్లే తెలిసేది. నీళ్ళు నావి, ఎరువు నాది, నడుము నొప్పి నాది, పూలు మాత్రం ఆమె దేవుడికి. రోజూ ఆ రేకులు ఊడుస్తుంటే ఒళ్ళు మండేది. పెట్టేవాళ్ళకు బుద్ధి లేకపోతే మానె, ఆ దేవుడైనా ఎవరి పూలో కనుక్కోవద్దా?

ఈ ఏడు వానలకు ముందు గోడకు చెమ్మ పట్టి పెచ్చులూడాయి. చెట్టు తీసేస్తేనే ప్లాస్టరింగ్ అన్నాడు మేస్త్రీ. మా ఆయన మొహం వెలిగిపోయింది. నేను కూడా సరే అన్నాను. నాకు పూయని చెట్టు ఇంకెవరికీ పూయక్కర్లేదనుకున్నాను. నా సిద్ధాంతం అక్కడితో సరి. అయితే పైన రెయిలింగ్‌కు చుట్టుకున్న కొమ్మల్ని ముందు విడదీయాలని, లేకపోతే లాగేటప్పుడు రెయిలింగ్ కూడా ఊడొస్తుందని మేస్త్రీ మెలిక పెట్టాడు. యారాలు ఎప్పుడు ఇంట్లో ఉండదో మా మరిదిని అడగమని మా ఆయనను పంపాను. గురువారం కోఠికి పోతుందని తెలిసింది. గురువారం పొద్దున చెప్పులు కింద విడిచి, కత్తెర పట్టుకుని, దొంగలా మెట్లెక్కాను.

ఆమె కోఠికి పోలేదు. నేను కూపీ లాగిన సంగతి ముందే ఆమె చెవిన పడిందని నాకేం తెలుసు. బాల్కనీలో కూర్చుని పాత చీరను పేలికలుగా చింపుతోంది. ఆమె వెనక ఈ మూల నుంచి ఆ మూల దాకా రెయిలింగ్ మీద నా గులాబీ పడుకుని ఉంది. పొడుగాటి కొమ్మలన్నింటినీ అడ్డంగా వంచి పేలికలతో వదులుగా కట్టింది. ఒక్కటీ కత్తిరించలేదు. కణుపు కణుపుకూ గుత్తులు గుత్తులుగా పూలు. నాకు కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది.

దేవుడికి ఒక్క పువ్వు కూడా కోయలేదట, కోయబుద్ధి కాలేదట. నిలువునా వదిలేస్తే కొసకే పూసి ఊరుకుంటుందట, అడ్డం పాకిస్తేనే ఒళ్ళంతా పూస్తుందట. వాళ్ళ ఊళ్ళో కాకర తీగను పందిరి మీద అలాగే పాకిస్తారట. కొత్త కొమ్మ ఎటు పోతానంటే అటే, విరగకుండా, రోజూ కొంచెం కొంచెం వంచిందట. ఇదంతా నా మొహం చూడకుండా, నా చేతిలో కత్తెరను చూస్తూ చెప్పింది.

కత్తెర కింద పెట్టాను. తప్పయిందన్నాను. ఏ తప్పో కూడా చెప్పాను. పిల్లల సంగతి ఎత్తి కావాలనే అన్నానని, నోరు జారి కాదని చెప్పాను.

ఆమె పేలిక ముడి వేయడం ఆపలేదు.

"ఆ మాట కిందికెల్లి ఒక్క నిమిషంల పైకొచ్చింది అక్కా," అంది. "నువ్వు రానీకి రెండేండ్లు వట్టింది. అది గూడ కత్తెర వట్టుకొని వస్తివి."

కింది నుంచి మేస్త్రీ, మొదలు పెట్టమంటారా అని కేకేశాడు. వద్దు, గోడ అట్లనే ఉండనీ అని పైనుంచే చెప్పాను. ఆమె క్షమించానని అనలేదు, ఇప్పటిదాకా అనలేదు. గాలికి ఊగుతున్న ఒక కొత్త కొమ్మను దగ్గరికి లాగి, కొస నన్ను పట్టుకోమంది.