ఆదివారం మాత్ర

ఆదివారం అరసవల్లి వెళ్లే బస్సులో పక్కసీటు పెద్దావిడ ఉన్నట్టుండి నా మీదికి ఒరిగింది. ఒళ్లంతా చల్లటి చెమట, చేతుల్లో వణుకు.

"షుగరుందా అమ్మా?"

"ఉన్నాది. పొద్దున్నే మాత్ర ఏసీసినాను."

"ఏమైనా తిన్నావా?"

"ఉపాసం బాబూ. మందుకైతే దోసం లేదు గదా."

తిండి పడని ఒంట్లో ఆ మాత్ర ఉన్న కాస్త చక్కెరనూ దించేస్తోందని అర్థమైంది. దేవుడికి తీసుకెళ్తున్న బెల్లం చిదిపి నోటికందించాను. పళ్లు బిగించింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఇదీ మందేనమ్మా," అన్నాను.

నోరు తెరిచింది.

కాస్త తేరుకున్నాక నా చెయ్యి పట్టుకుని, "నిజంగా మందేనా బాబూ?" అంది భయంభయంగా.

ఇప్పటికీ ఎవరైనా ఉపవాసమంటే, పొద్దున ఏ మాత్ర వేసుకున్నారని అడుగుతాను.