రాంగోపాల్‌పేట్ సందులో లేచిన చేతులు

మా కాజీపేట కాలనీలో పిల్లులు విపరీతంగా పెరిగిపోయాయి. గోనెసంచుల్లో కట్టి ఊరవతల వదిలేద్దామని పెద్దలు అంటే, నేను పాఠం చెప్పే పదో తరగతి పిల్లలు అడ్డం తిరిగారు. "మనమే పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయిద్దాం మేడమ్" అన్నారు. గోళ్లు, కాట్లు, ఇంజెక్షన్లు. ఇది పిల్లల చేతుల్లో పెట్టే పనేనా? ఎటూ తేల్చుకోలేక, సికింద్రాబాద్‌లో విద్యార్థులతో ఈ పని చేయిస్తున్న సైన్సు టీచర్ పర్వీన్ గారికి ఫోన్ చేశాను. "ఆదివారం రాండ్రి, చూస్తే తెలుస్తది" అన్నారావిడ.

తెల్లవారుజామున ఎక్కిన రైలు తొమ్మిదిలోపే సికింద్రాబాద్‌లో దింపింది. పర్వీన్ గారు చెప్పిన రాంగోపాల్‌పేట్‌ సందుకు ఆటో అతను నూటయాభై అడిగితే వందకు ఒప్పించాను. ఎందుకొచ్చానో విని పకపకా నవ్వాడు. "పిల్లులను చూడనీకి కాజీపేట నుంచి వచ్చిన్రా? మా ఇంట్ల ఆరున్నయ్ మేడమ్, ఫ్రీగ చూపిస్త!"

సందు మొదట్లోనే పర్వీన్ గారు ఎదురొచ్చి పరిస్థితి చెప్పారు. ఆ సందులో ఒక్క నల్లమచ్చల ఆడపిల్లికి తప్ప అన్నిటికీ ఆపరేషన్లు అయ్యాయి. అయినవాటికి గుర్తుగా చెవి కొన కాస్త కత్తిరించి ఉంటుంది. మిగిలిన ఆ ఒక్కటీ ఈ మధ్యాహ్నంలోగా దొరక్కపోతే, మొత్తం పిల్లుల్ని పట్టించి ఊరు దాటిస్తానని బియ్యం వ్యాపారి యాదగిరి సేట్ గడువు పెట్టాడట.

వేయించిన చేప తలకాయ పెట్టిన బోను గోడవారన ఉంది. మెట్ల మీద, డాబాల మీద, నీళ్ల ట్యాంకుల పక్కన విద్యార్థులు కదలకుండా కూర్చున్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో పరీక్ష హాల్లో కూడా అంత నిశ్శబ్దం నేను చూడలేదు. గంటకు పైగా గడిచాక టప్పుమని బోను తలుపు పడింది.

అఫ్రీన్ అనే పదో తరగతి అమ్మాయి బోను మీద దుప్పటి కప్పబోతూ, వంగి లోపలికి చూసి ఆగిపోయింది. "టీచర్, ఇది పాలిస్తున్నది. పిల్లలు ఎక్కడనో ఉన్నయ్." ఆపరేషనంటే పిల్లిని రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచాలి. "మరేం చేద్దాం, నువ్వే చెప్పు" అన్నారు పర్వీన్ గారు.

"ఇడిచిపెడ్దాం."

సేట్ దుకాణం దిగి వచ్చాడు. "ఏందీ, ఇన్ని దినాలకు దొరికితే ఇడుస్తరా? దిమాక్ ఉందా మీకు?"

"దీన్ని తీస్కపోతే పిల్లలు చస్తయ్ సేట్. యాడ చచ్చినయో సుత తెల్వది. మీ బియ్యం బస్తాల సందుల్నే అయితే?" అంది అఫ్రీన్.

సేట్ గతుక్కుమన్నాడు. నాకైతే ఆ అమ్మాయి తొందరపడుతోందేమో అనిపించింది. ఇది మళ్లీ దొరక్కపోతే, మిగతా పిల్లులన్నిటికీ దిక్కెవరు?

అఫ్రీన్ తలుపు ఎత్తింది. పిల్లి బాణంలా దూసుకుపోయింది. ఒక్కరూ దాని వెంట పరుగెత్తలేదు. మెట్ల మీదున్న అబ్బాయి, తన ముందు నుంచి అది దాటగానే, చెయ్యెత్తాడు. ఆ తర్వాత ఎదురు డాబా మీద ఒక చెయ్యి, ట్యాంకు పక్కన ఇంకొకటి. ఒక్క మాట లేకుండా, పిల్లి వెళ్లిన దారి సందు పొడవునా చేతులై లేచింది. చివరి చెయ్యి సేట్ గోడౌన్ గోడ మీద లేచింది.

లోపల అటక మీద, ఖాళీ సంచుల నడుమ మూడు కూనలు. తల్లి అప్పటికే పాలిస్తోంది. సేట్ అఫ్రీన్ వైపు తిరిగాడు.

"ఎన్ని దినాలు తాగుతయ్?"

"నెలన్నర, రెండు నెలలు సేట్. అటెనుక తల్లికి, జెర పెద్దగైనంక పిల్లలకు, అందరికీ ఆపరేషన్ చేపిస్తం."

"అప్పటిదాంక ఏ పిల్లినీ ముట్టనియ్య, పోండ్రి." వెనక్కి తిరిగి హమాలీ మీద అరిచాడు. "అరేయ్, గా మూలకు బస్తాలు వెయ్యకు!"

సాయంత్రం రైలెక్కేదాకా నా అనుమానం నన్ను వదల్లేదు. వీడ్కోలు చెబుతూ అఫ్రీన్‌ని అడిగేశాను: అది సందు దాటి పోయుంటే? "పోతే పోతుండె మేడమ్. మేం మళ్ల మొదటి సంది షురూ చేస్తుంటిమి" అంది, అదేమంత పెద్ద విషయం కానట్టు. మా పిల్లలకు ఈ పని చేతనవుతుందో లేదో నాకింకా తెలియదు. వాళ్లను నమ్మి పక్కన నిలబడటం నాకు చేతనవుతుందా అన్నది అంతకన్నా పెద్ద సందేహం. సోమవారం క్లాసులో ఆ మాటే వాళ్లకు చెప్పాలనుకుంటున్నాను.

మీరూ మొదలుపెట్టేట్టయితే ఒక్క సలహా: బోను పెట్టే ముందురోజు సాయంత్రం నుంచి పిల్లులకు ఎవరూ తిండి పెట్టవద్దని వీధిలో ఇంటింటికీ చెప్పి రండి. కడుపు నిండిన పిల్లి బోను వైపు కన్నెత్తి కూడా చూడదు.