ఎనిమిది పళ్ళ కొసరు

ఉదయగిరి కిరాణా షావుకారు సుందరరామయ్యకు అరవై ఎనిమిదేళ్ళు. చదివింది ఊరి బళ్ళో ఐదో తరగతి. ఆయన ఘనకార్యాలు వినాలంటే పావుకిలో కందిపప్పు కొంటే చాలు, పొట్లం కట్టేలోపు మూడు వినిపిస్తాడు. తుపాను వానలో కలిగిరి దాకా ఉప్పు బస్తాను బండి మీద తడవకుండా చేర్చడం మొదటిది. బ్రేకుల్లేకుండా కొండాపురం సంత దాటడం రెండోది. ఇరవై ఆరేళ్ళుగా అదే మోటారు సైకిలు నడపడం మూడోది.

ఆ బండి ఇద్దరితో ఊరి బయటి మిట్ట ఎక్కలేదన్నది మాత్రం ఆ జాబితాలో లేదు. మిట్ట మొదట్లోనే భార్య వసంతకుమారి దిగి, పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకొని నడిచేది. ఆయన ముందే పైకి చేరి హారన్ కొట్టేవాడు, ఆలస్యం ఆమెదే అయినట్టు.

ఇప్పుడు ఆత్మకూరులో ఆమె చెల్లెలి కూతురికి తాంబూలాలు.

"ఈసారి గూడా మిట్ట కాడ దించినారంటే ఇంక జన్మలో మీ బండెక్కను. మా తమ్ముడి కారులో పోతా."

బామ్మర్ది కారు మాట వినగానే సుందరరామయ్య కాఫీ గ్లాసు సగంలోనే కింద పెట్టేశాడు. నేరుగా మెకానిక్ ఓబమ్మ షెడ్డుకు పోయాడు.

ఓబమ్మ వెనక చక్రం పక్కన కూర్చొని వేలు పెట్టి చూపించింది. "చైను తిరిగే ఈ స్ప్రాకెట్‌కు నలభైరెండు పళ్ళుండాయి. నలభైఆరుది వేస్తా. పళ్ళు పెరిగితే చక్రం ఒక్క చుట్టు తిరిగేదానికి ఇంజను ఎక్కువ తిరగాల. లాగుడు పెరుగుతాది, పరుగు తగ్గుతాది."

"నాలుగేనా? మరి కొసరో?"

కొసరు లేకుండా ఏదీ కొనకపోవడం ఆయన నాలుగో ఘనకార్యం. మందులషాపులో విరేచనాల మాత్రలకు గూడా కొసరడిగిన మనిషి.

"ఇది పప్పు గాదు షావుకారూ!"

"నలభై ఏళ్ళు తక్కెడ పట్టినోడికి చెప్తావా? ఆ గోడకుండేది ఎన్ని పళ్ళు?"

"యాభైనాలుగు. కొండ చేలకు మేత మోసేదానికి ఒకాయన చేయించుకొని, విసుగొచ్చి పడేసినాడు."

"అదే వెయ్యి. అదే ధరకు."

తాంబూలాల నాడు బండి మిట్టను గోడ మీద బల్లిలా పాకింది. వసంతకుమారి దిగలేదు. మిట్ట మీద మేకలు కాసే ముసలాయన లేచి నిలబడ్డాడు. తనకు మర్యాద చేశాడని సుందరరామయ్య అంటాడు, మేక పారిపోయిందని ఆమె అంటుంది.

తర్వాత వచ్చింది చదును రోడ్డు. ఇంజను గావుకేకలు పెడుతోంది, స్పీడు ముల్లు నలభై దాటడం లేదు. బస్సు దాటిపోయింది. గడ్డి ట్రాక్టరు దాటిపోయింది. పాలక్యాన్ల మోపెడాయన పక్కకొచ్చి జాలిగా చూశాడు.

"ఏంది పెద్దాయనా, బండి అట్లా ఏడస్తా ఉండాది?"

"నువ్వు రోడ్డు చూసి పో నాయనా!"

"ఇంకో గేరుందేమో చూడండి," అంది వసంతకుమారి వెనకనుంచి.

"అన్నీ అయిపోయినాయే."

ఆత్మకూరు చేరేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది. వడలు అయిపోయాయి. మజ్జిగన్నం మిగిలింది.

"అక్కా, తిరిగిపోయేటప్పుడు నా కారెక్కు," అన్నాడు తమ్ముడు నవ్వు ఆపుకుంటూ. సుందరరామయ్య మజ్జిగన్నంలో ఊరగాయ ముక్క కోసం మరీ శ్రద్ధగా వెతికాడు.

"వద్దులేరా. దించొద్దన్నాను, దించలేదు. బండి మీదే పోతా," అంది ఆమె. తర్వాత భర్త వైపు తిరిగింది. "రేపు మాత్రం ఆ కొసరు ఓబమ్మకు ఇచ్చేసి రండి."

మరునాడు ఓబమ్మ నలభైఆరు పళ్ళది బిగించింది. మిట్టా ఎక్కుతోంది, ట్రాక్టర్లూ వెనకబడుతున్నాయి. ఇప్పుడు కందిపప్పు కొన్నవాళ్ళకు ఐదో ఘనకార్యం గూడా ఉంది.

"కొసరు వెనక్కిచ్చిన షావుకారును ఎప్పుడన్నా చూసినావా? నేనిచ్చినాను! ఒకటి గాదు, ఎనిమిది పళ్ళు!"