జైనాబు కోసం రాసిన దరఖాస్తు

మహబూబాబాద్‌ను ఆ ఊరివాళ్లు మానుకోట అనే అంటారు. ఆ మానుకోటలో, తాసిల్ ఆఫీసు గోడవారగా, ఒక చెక్కపెట్టె ముందేసుకుని నలభై ఏళ్లు కూర్చున్న మనిషి మహమ్మద్ మున్షీ. దరఖాస్తులు రాసేవాడు. ఈ కథ ఆయనది కాదు, ఆయన కూతురు కైసర్‌ది. కానీ ఆయన రాత గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఆమె సంగతి చెప్పడం కుదరదు.

అధికారి ముందు నిలబడే తీరు దేశానికొకటి. కొన్ని దేశాల్లో మనిషి తనకేం వచ్చో చెప్పుకుంటాడు. నేనింత చదివాను, అంత సాధించాను, కనుక ఇవ్వండి అంటాడు. మన దరఖాస్తులో మనిషికి ఏమీ రాదు, ఏమీ లేదు. చూపు ఆనదు, ఇల్లు కురుస్తుంది, ఉన్న ఒక్క బర్రె వట్టిపోయింది. దాన్ని అబద్ధం అనలేం. అది సాయమడిగే భాష అని రాసేవాడికి తెలుసు, చదివేవాడికీ తెలుసు. మున్షీ ఆ భాషలో ఘనుడు. ఆయన రాసింది చదివితే రాయించుకున్నవాళ్లే తమ బతుకు మీద జాలిపడి కళ్లొత్తుకునేవాళ్లు. ప్రతి దరఖాస్తుకూ అడుగున కార్బన్ కాగితం పెట్టి ఒక నకలు తీసి పెట్టెలో దాచేవాడు. ఆ రాత, ఆయన పోయాక ఆ పెట్టె, రెండూ కైసర్‌కే వచ్చాయి.

కైసర్ బయ్యారం అవతల ఒక తండా బడిలో పదకొండేళ్లు విద్యా వాలంటీరుగా పనిచేసింది. ఒక జూన్ నెలలో హెడ్మాస్టర్ ఆమెను గుమ్మంలోనే ఆపాడు.

"టీచరమ్మా, రెగ్యులర్ సార్ వచ్చిండు. నువ్వు సరిగ వస్తలేవని పైకి ఎవరో రాసిన్రట. నేను గాదు, ఒట్టు."

ఎవరు రాశారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. చాలా రోజులు తండాలో ప్రతి మొహాన్నీ మనసులోనే నిలదీసింది. ఎవరూ దొరకలేదు.

అటువంటి రోజుల్లో గౌతమ్ వచ్చాడు. అదే గల్లీ పిల్లవాడు, హన్మంత్ కొడుకు. జనగామలో ఆఫీసు పెట్టిన ఒక సేవాసంస్థలో ఇప్పుడు పెద్ద ఉద్యోగి. ఆ సంస్థ బయటి దేశాల పల్లెల్లో బడులు నడుపుతుంది.

"కైసరక్కా, నీ అసొంటి టీచర్ ఇంట్ల కూసునుడేంది? ఒక్క ఏడాది మలావీ పోయిరా."

"గదెక్కడున్నది తమ్మీ?"

"ఆఫ్రికాల."

లోపలి నుంచి ఆమె తల్లి అజీజ్‌బీ అందుకుంది. "భూపాలపల్లి పోవాల్నంటేనే బస్సుల వాంతులు చేసుకుంటది. ఆఫ్రికాకు పోతదట!"

పోయింది. ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఊరు. రేకుల బడిలో ఒక్కో తరగతికి నూరుమంది పిల్లలు. ఆమెకు తన ఇంట్లో చోటిచ్చింది జైనాబు. ఆ బడిలో ఆరేళ్లుగా చెబుతున్న ఆ ఊరి మనిషే. మొదటి రోజు జైనాబు మక్కపిండి ఉడికించి ముద్ద చేసి, ఆకుకూరతో ముందు పెట్టింది. కైసర్ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని పకపకా నవ్వింది. "ఇది మా గట్కనే!" సముద్రాలు దాటి వచ్చి, చిన్నప్పుడు వద్దని మారాం చేసిన మక్క గట్కనే తింటోంది మరి.

ఆ దేశపు మాట నేర్పింది జైనాబు. నూరుమందిని చప్పట్లతో ఎట్లా ఊరుకోబెట్టాలో నేర్పింది. బదులుగా కైసర్ మన ఎక్కాల రాగం నేర్పింది. సాయంత్రాలు ఇద్దరి బతుకులూ కలబోసుకునేవాళ్లు. తండా బడి సంగతి విని జైనాబు, "ఎవరు రాశారో నాకు తెలిస్తే వాళ్ల ఇంటి ముందు కూర్చుని పాడుతాను, వారం రోజులు నిద్రపోనివ్వను" అంది. ఆమె గొంతు నిజంగానే భయంకరం.

జైనాబుకు ఒకటే కోరిక. టీచర్ ట్రైనింగ్. సంస్థ తలచుకుంటే పంపగలదు. "అందులో గౌతమ్ మీవాడే కదా, నువ్వొక మాట రాయి" అంది.

కైసర్ ఫోన్ చేస్తే గౌతమ్, "ఇంగ్లీషు ఎందుకక్కా, తెలుగుల రాయి. మిగిలింది నేను చూసుకుంట" అన్నాడు.

ఆమె తండ్రిని తలచుకుని కూర్చుంది. రాసింది. "ఈ అభాగ్యురాలికి ఎట్టి శిక్షణయు లేదు. క్రోసెడు దూరము నీళ్లకు పోవలసి యుండుటచే తరచు ఆలస్యమగుచున్నది. బిడ్డకు జబ్బు చేసినప్పుడు తరగతిని విడిచి పోవుచున్నది. కావున దయతలచి..." ఆ ఏడాదంతా జైనాబు బడికి ఆలస్యంగా వచ్చింది రెండే రెండు సార్లు. అయినా దరఖాస్తు దరఖాస్తే. మున్షీ చూసి ఉంటే భుజం తట్టేవాడు. కింద సంతకం పెట్టి, ఫొటో తీసి పంపింది.

నెల తిరిగేసరికి సంస్థ నుంచి ఇంగ్లీషులో కాగితం వచ్చింది. అక్కడి హెడ్మాస్టర్ దాన్ని అందరి ముందూ చదివాడు. శిక్షణ లేదు, తరచు ఆలస్యం, తరగతిని వదిలి వెళ్తుంది, ఇది వాలంటీరు కైసర్ స్వయంగా చూసి ఇచ్చిన నివేదిక, కాబట్టి జైనాబు సేవలు ఇంతటితో చాలు. ఆమె తరగతి కైసర్‌కు. మరో ఇద్దరు వాలంటీర్లు వస్తున్నారు. 'కావున దయతలచి' తర్వాత రాసిన మాటల్లో ఒక్కటీ అందులో లేదు.

కైసర్ పరుగున ఇంటికి పోయింది. జైనాబు బిడ్డ బట్టలు మూట కడుతోంది, పుట్టింటికి పోవడానికి. కైసర్ చెప్పింది, ఏడ్చింది, తన దేశంలో దరఖాస్తు ఎట్లా రాస్తారో వివరించబోయింది. జైనాబు మూట ముడి వేసి లేచింది.

"నువ్వు అదృష్టవంతురాలివి. నిన్ను తీసేసినప్పుడు ఎవరు రాశారో నీకు తెలియలేదు."

అంతే. మూట ఎత్తుకుని గడప దాటింది.

మిగిలిన రెండు నెలలూ కైసర్ ఆ తరగతికి పాఠం చెప్పింది. చెప్పకపోతే నూరుమంది పిల్లలు ఇళ్లకు పోతారు. చెబితే అది జైనాబు జాగా. చెబుతూనే ఉంది. గౌతమ్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే జవాబు. "ఊరికొచ్చినంక మాట్లాడుదాం అక్కా."

తిరిగొచ్చిన నెలకు జనగామలో వాలంటీర్లకు సన్మానమన్నారు. కైసర్ తండ్రి పెట్టె తీసి, ఏదో వెతికి, ఒక కాగితం సంచిలో పెట్టుకుని పొద్దుటి రైలెక్కింది.

ఫంక్షన్ హాలు బయట నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో కైసర్ నవ్వుతోంది. ఆమె భుజం మీద ఒక నల్లని చెయ్యి ఉంది. ఆ చేతి తాలూకు మనిషిని కత్తిరించేశారు.

గౌతమ్ ఎదురొచ్చాడు. "రా అక్కా, చాయ్ తాగినవా?"

"జైనాబును మళ్ల తీసుకుంటున్నమని కాయితం రాసియ్యి. తర్వాత తాగుత."

"గట్లెట్ల అక్కా? సంతకం నీదే గదా."

"దూరదేశపోళ్లకు తెల్వకపోవచ్చు. దరఖాస్తంటే ఏందో నీకు తెల్వదా, గౌతమ్?"

అతను ఒక్క క్షణం నేల చూశాడు. తెలుసు. ఆ చూపుతోనే ఆమెకూ తెలిసిపోయింది.

"అక్కడి టీచర్ ఫొటో చూసి ఎవ్వరు చందా ఇయ్యరక్కా. నీ అసొంటోళ్ల ఫొటో ఉంటేనే బడి నడుస్తది. పిల్లలకు మంచిదే గదా? జర అర్థం జేసుకో."

ఆమెను వేదిక మీదికి పిలిచారు. మైకు ముందు సంచిలోంచి కాగితం తీసి చదివింది. "నా కుమారుడు గౌతమ్ మిక్కిలి మందమతి. ఎక్కములు రావు. తిండికి లేక బడి ఎగగొట్టి చేపలు పట్టుచున్నాడు. కావున దయతలచి హాస్టలునందు సీటు ఇప్పించగలరు. ఇట్లు, హన్మంత్." నిజానికి గౌతమ్ అప్పుడు క్లాసులో ఫస్టు.

"గిది మా అబ్బా రాసిండు. ఆ అధికారి గిది చదివి సీటిచ్చిండు. తీసెయ్యలేదు" అంది కైసర్.

హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. ఏదో సరదా ముచ్చట అనుకున్నారు. గౌతమ్ కూడా నవ్వుతూనే వచ్చి ఆమెకు శాలువా కప్పాడు. చేతిలో కాగితంతో ఆమె నిలబడి ఉండగా ఫొటో తీశారు.

ఆ రాత్రికే అది సంస్థ పేజీలో కనిపించింది. 'మలావీ పిల్లలు రాసిన ఉత్తరం చదువుతున్న మన కైసర్ టీచర్' అని కింద రాసి ఉంది. ఆ పేజీ జైనాబు కూడా చూస్తుంది.

మర్నాడు పొద్దున్నే కైసర్ తండ్రి పెట్టె ముందేసుకుని, తెల్ల కాగితం పరిచి కూర్చుంది. అజీజ్‌బీ చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. అది చల్లారింది.

"ఎవరికి బేటీ?"

"జైనాబుకు."

"ఏం అడుగుతున్నవ్?"

"ఏం అడగాల్నో తెల్వకనే కూసున్న, అమ్మీ."