మూడో లైను కాలరు

"చేతులు ఊడింది చొక్కాలకు తమ్ముడూ, నాకు కాదు!" అంటూ ఆవిడ కత్తెరను తన ఇంట్లోని మిషను బల్ల మీద విసిరింది. "చంకకుట్టు వేసింది నేనా? నాది కాలరు. వెనక్కొచ్చిన ఆ చొక్కాల్లో ఒక్క కాలరు వంకరగా ఉందని ఏ మొనగాడినైనా చూపించమను!"

నేను బట్టల ఫ్యాక్టరీకి దారం రీళ్లు వేస్తుంటాను. ఆవిడను అక్కడ అందరూ కాలరక్క అంటారు. ఫ్యాక్టరీలో మిషన్లు వరసగా ఉంటాయి. ఒకరు కుట్టిన ముక్క పక్కవారికి జారుతుంది, చివరికి చొక్కాగా దిగుతుంది. నెలాఖరుకి బాగా చేసిన లైను నెత్తిన పచ్చగుడ్డ, చెడగొట్టిన లైను నెత్తిన ఎర్రగుడ్డ కడతారు. కాలరక్కది మూడో లైను. అక్కడ కట్టిన ఎర్రగుడ్డను ఎవరూ విప్పిన పాపాన పోలేదు.

ఇప్పుడు శాంపిల్ గదిలో ఒక చోటు ఖాళీ అయింది. అక్కడ చొక్కా మొత్తం ఒక్కరే కుడతారు. ఒకరి తప్పు మరొకరి మీద పడదు. ఆ కుర్చీ కోసం ఆవిడ ఏళ్లుగా కాచుకుని ఉంది. తీరా వెళ్లి అడిగితే ఆ గది మాస్టరు తలైనా ఎత్తలేదట.

"మూడో లైనా? ముందు మీ లైనంతా చేతులు అతికించడం నేర్చుకోండి, పో" అన్నాడట. పచ్చగుడ్డ కింద కూర్చునే ఆవిడ తోడికోడలికి మాత్రం పరీక్ష పెడతానన్నాడు.

"దానికి మిషను తొక్కడం నేర్పిందెవరు? నేను!" గొంతు పెంచింది. గోడకవతల వంట చేస్తున్న తోడికోడలు వినాలనే ఆ పెంచడం.

"నేర్పావులే అక్కా, మీ లైను వెలిగిపోతుంటే చూస్తున్నాంగా!" అని జవాబొచ్చింది, గరిటె చప్పుడుతో సహా.

మంచం మీది అత్తగారు అందుకుంది. "చిన్నదాని చెయ్యి మంచిది. నా దిండు గలీబులు దానికే ఇచ్చా."

"ఇన్నాళ్లూ ఎవరు కుట్టారత్తయ్యా?"

"నువ్వే. అప్పుడు మీ లైను ఇట్లా లేదుగా!"

కాలరక్క పళ్లు కొరికింది. ఆవిడ కోపం నాకు న్యాయంగానే తోచింది. కాస్త చల్లబరుద్దామని, "మీ లైనులో గుండీలు కుట్టే పెద్దాయనదీ ఇదే బాధ అక్కా. ఆయనకూ శాంపిల్ గది మీద ఆశ ఉందట. మంచి పనివాడంటగా" అన్నాను.

"ఎవడు, ఆ నిద్రమొహమా? వాడికేం వచ్చు?"

"ఆయన పని ఎప్పుడైనా పట్టి చూశావా?"

"చూసేదేముంది? మూడో లైనువాడేగా!"

అవతల గరిటె ఆగింది. తోడికోడలు పకపకా నవ్వింది. కాలరక్క మొహం జేవురించింది. నా వైపు కొరకొరా చూసి, సంచిలోంచి తెల్లటి కాలరు తీసి మధ్యకు మడిచింది. రెండు కొసలూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి.

"రేపు రీళ్లు దించేటప్పుడు దీన్ని మాస్టరు బల్ల మీద పెట్టు. ఏ లైనుదని అడిగితే నోరు విప్పకు. బాగుందని వాడి నోటితో అన్నాకే నా పేరు చెప్పు. ఇక లే, బయల్దేరు. ఆ నిద్రమొహం ఊసు గానీ అక్కడ ఎత్తావో, మళ్లీ నా గడప తొక్కకు!"