అక్క పంటి మీద తెల్లమచ్చ

అశోక్‌నగర్‌లో మేముండే అపార్ట్‌మెంట్ కింద ఒక పళ్ళ క్లినిక్ ఉంది. సాయంత్రం కూరగాయల సంచీతో లిఫ్ట్ కోసం నిలబడితే దాని తలుపు సందులోంచి లవంగనూనె వాసన వస్తుంది. అంతే, నా నాలుక దానంతటదే పళ్ళన్నీ తడుముకోవడం మొదలుపెడుతుంది. పైకి వెళ్ళగానే హోంవర్క్ చేసుకుంటున్న కూతుర్ని బాల్కనీ వెలుతురులోకి లాక్కెళ్ళి నోరు తెరవమంటాను. "మళ్ళీనా అమ్మా!" అని విసుక్కుంటుంది. విసుక్కోనీ.

చిక్కడపల్లిలో మేం అద్దెకున్న ఇంట్లో మా నాయనమ్మ రోజూ పొద్దున్నే ఇదే పని చేసేది. నాన్న ఉద్యోగంతో పాటు గోదావరి జిల్లా నుంచి ఈ ఊరొచ్చిన మనిషి, అలవాట్లన్నీ మూటగట్టుకుని తెచ్చుకుంది. వసారా మెట్టు మీద ఎండ పడేచోట నన్నూ అక్కనీ కూర్చోబెట్టి, గడ్డాలు పైకెత్తి పళ్ళు చూసిగానీ కాఫీ ముట్టుకునేది కాదు. ఆవిడ దృష్టిలో పంటికి ఒకటే శత్రువు, నలుపు. నేను రక్తం తక్కువ పిల్లనని పోసిన ఐరన్ టానిక్కూ, ఎండాకాలం చివర తిన్న నేరేడుపళ్ళూ, వానాకాలమంతా అమ్మ గ్లాసులోంచి దొంగతనంగా తాగిన టీ, అన్నీ కలిసి నా పళ్ళ మీద గోధుమరంగు చారలుగా తేలేవి. ఇక నా పని అయిపోయినట్టే. బొగ్గుపొడిలో ఉప్పు కలిపి ఆవిడ వేలితో తోముతుంటే చిగుళ్ళు మండి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. "పుచ్చిపోతాయే పిల్లా, బోసినోటితో తిరుగుతావా?" అనేది.

అక్కకు ఈ తోముడు నుంచి సెలవు, ఎందుకంటే దాని పళ్ళు మల్లెమొగ్గల్లా తెల్లగా ఉండేవి. తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి అది నవ్వితే వీధి చివరిదాకా వినిపించేది. ఆ నవ్వు కోసమే నాన్న ఆఫీసు నుంచి రాగానే, చెప్పులైనా విప్పకుండా, ఏదో ఒక వేళాకోళం ఆడేవారు. చదువుకుంటూ పైపెదవి కింద కలకండ పలుకో, దసరాకి చేసిన పాకం ఉండో బిగించి గంటల తరబడి చప్పరించడం దాని అలవాటు. తెల్లని పళ్ళకేం భయమని ఎవరూ వద్దనలేదు. ఒకరోజు దాని ముందుపంటి మీద, చిగురుని ఆనుకుని, సుద్దముక్కతో గీసినట్టు ఓ మచ్చ కనిపించింది. నాయనమ్మ మురిసిపోయింది. "చూశావా, దీని పళ్ళు ఇంకా తెల్లబడుతున్నాయి. నీవీ ఉన్నాయి, ఎందుకూ?" నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మచ్చ మెల్లగా గరుకుదేలింది, పసుపెక్కింది, తర్వాత గోధుమరంగుకు తిరిగింది. అప్పుడుగానీ నాయనమ్మ దాన్ని మరక అనుకుని బొగ్గుపొడి తీయలేదు. ఎంత తోమినా అది కదలలేదు. దీపావళి నాడు జంతిక కొరికిన అక్క, నమలడం ఆపి, అరచేతిలోకి పంటిముక్క ఉమ్మింది.

నాన్న మా ఇద్దరినీ నారాయణగూడలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ముందు నా చారల్ని గీకి చూసి నవ్వేశాడు. "గిది ఉత్త మరకనే సార్. నున్నగుంది, జర పాలిష్ చేస్తె పోతది." అక్క నోరు చూసినప్పుడు నవ్వలేదు. విరిగిన పంటి పక్కదాని మీద గాలి ఊది తడి ఆర్చాడు. అక్కడా మెరుపు లేని తెల్లమచ్చ తేలింది. "పుచ్చు నల్లగ మొదలుకాదు సార్. గిట్ల తెల్లగనే మొదలైతది. దీన్నైతె ఆపొచ్చు. ఆ పన్ను గూడ గిట్లున్నప్పుడే తెస్తె ఆగుతుండె." ఇంటిదాకా స్కూటర్ మీద అక్క పెదవులు బిగించుకునే కూర్చుంది.

ఆ ఇల్లు పోయి ఐదంతస్తులు లేచాయి. నాయనమ్మ లేదు, నాన్నా లేరు, పిల్లల గడ్డాలు పట్టుకుని ఎండలో పళ్ళు చూసే పెద్దలు ఆ వీధిలో ఇప్పుడెవరూ ఉండరు. మరకలంటే నాకు కంగారు లేదు. మెరుపు లేని తెలుపు కోసమే వెతుకుతాను, కనబడకపోయినా నమ్మకం కుదరక మళ్ళీ వెతుకుతాను. అక్క అడిక్‌మెట్‌లో ఉంటోంది. కట్టించుకున్న పన్ను ఏదో చెబితేగానీ ఎవరికీ తెలియదు. మొన్న ఆదివారం వచ్చినప్పుడు మా అమ్మాయి ఏదో అంటే అందరం పగలబడి నవ్వాం. అక్క కూడా నవ్వింది, చప్పుడు లేకుండా, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. పెద్దమ్మ నవ్వు ఎలా ఉంటుందో మా అమ్మాయి ఇంతవరకూ వినలేదు.