అస్లాక్ పెట్టిన ఒక్క సెకను

అస్లాక్ చేసిన చివరి మామూలు పని వాఫిల్ పెనం తుడవడం. మా ఆఫీసులో శుక్రవారం మధ్యాహ్నం వాఫిల్స్ వేసుకోవడం రివాజు. వంతులవారీగా ఒక్కొక్కరు ఇంటి దగ్గర పిండి కలుపుకొస్తారు. తిన్నాక మాత్రం పెనం జోలికి ఎవరూ పోరు. ఆ రోజు వంతు అస్లాక్‌ది కాదు. అయినా అందరూ లేచి వెళ్లిపోయాక ఆయనే తడిగుడ్డ పట్టుకుని నిలబడి, పెనం మడత దగ్గర ఎండిపోయిన పిండిని అగ్గిపుల్లతో గీకుతున్నాడు.

"వదిలెయ్ అస్లాక్, సోమవారం విదార్ చేస్తాడులే," అన్నాను కోటు వేసుకుంటూ.

"విదార్ తుడిస్తే పైపైన తుడుస్తాడు. సందుల్లోది ఎవరు తీస్తారు?" అగ్గిపుల్ల చివర వెలుతురులో పెట్టి చూశాడు. "ఇదిగో, ఇది పోయిన అక్టోబరుది. నీ వంతే అనుకుంటా."

నవ్వుకుంటూ వెళ్లిపోయాను. ఆదివారం పొద్దున ఊరి పక్క అడవిలో, స్కీ దారి మీద, ఎత్తు మొదలయ్యే చోట ఆయన పోయాడు. దారి పక్కన కూర్చున్నట్టే పడిపోయాడట. వెనక వచ్చినవాళ్లు అలుపు తీర్చుకుంటున్నాడనుకున్నారు. ఒకావిడ చేయి కూడా ఊపిందట.

త్రోన్‌హైమ్‌లో నది ఒడ్డున పాత చెక్క గోదాముల వరసలో మా ఆఫీసు. మాది డేటాబేస్ తయారుచేసే చిన్న కంపెనీ. దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పే పేజీలు రాయడం నా ఉద్యోగం. ఇంటి దగ్గర రాసుకునే కథల సంగతి వేరు. అస్లాక్ డ్రైవర్‌ను చూసుకునేవాడు. ఎవరో ఎక్కడో రాసుకున్న ప్రోగ్రాముకీ మా డేటాబేస్‌కీ మధ్య నిలబడి, ఇక్కడ అడిగింది అక్కడికి చేర్చి, అక్కడి జవాబు ఇక్కడికి తెచ్చిపెట్టే ముక్క అది. అలాంటిదొకటి ఉందనే సంగతి వాడేవాడి మనసుకు కూడా రాకూడదని ఆయన పట్టుదల. పంతొమ్మిదేళ్లు దాన్ని అలాగే ఉంచాడు.

అంతకు ముందు ఆయన కోస్తా ఓడల్లో రేడియోలు బాగుచేసేవాడు. ప్రోగ్రాములు రాయడం నలభై దాటాక నేర్చుకున్నాడు. ఓడల అలవాట్లు మాత్రం పోలేదు. ఏ వస్తువుకైనా దాని చోటు ఉండాలి, ఏ తాడుకైనా ముడి విప్పడం ముందే తెలిసుండాలి. భోజనం డబ్బాలో నాలుగు రొట్టె ముక్కలు, మధ్యలో టమాటా పులుసులో ఊరిన మాకెరెల్ చేప, ముక్కకీ ముక్కకీ మధ్య నూనెకాగితం. తిన్నాక ఆ కాగితాలు తుడిచి, మడిచి, మర్నాటికి దాచేవాడు.

"ఈ ఆఫీసులో నాకన్నా ఆ కాగితం సీనియర్ కదూ?" అని నేను ఏడిపించేదాన్ని.

"నీకన్నా శుభ్రంగా కూడా ఉంటుంది, కవయిత్రీ."

నేను ఒక్క కవితైనా రాయలేదు. కథలు రాస్తానని ఎన్నిసార్లు చెప్పినా ఆయన లెక్కలో రాసేవాళ్లంతా కవులే.

కిందటి ఏడాది మా పెద్దలకు ఒక కోరిక పుట్టింది. డ్రైవర్ లోకంలో ఎక్కడెక్కడ ఎలా పనిచేస్తోందో, ఎక్కడ తడబడుతోందో మాకు తెలియాలి. దానికి టెలిమెట్రీ అని పేరు. అంటే డ్రైవరే తన బాగోగుల గురించి చిన్న చిన్న కబుర్లు రాసి మాకు పంపుతూ ఉంటుంది. ఆ కబుర్లు మోసుకొచ్చే ముక్కని క్లయింట్ అంటారు. అస్లాక్‌కి ఇష్టం లేకపోయినా పెట్టాడు. తొందరగా పెట్టమన్నారు కాబట్టి తొందరగా పెట్టాడు.

నవంబరులో ఫ్రోయా దీవి నుంచి బోర్గిల్ అనే ఆవిడ ఉత్తరం రాసింది. సముద్రంలో సాల్మన్ చేపలకు మేత వేసే పడవ మీద ఆమె పని. "మీ కొత్త డ్రైవర్ వేసిన రోజు నుంచి నా కంప్యూటర్ ఊపిరాడక కొట్టుకుంటోంది. దానికేం తినిపించారు?" అని రెండే వాక్యాలు. అస్లాక్ జవాబు రాయలేదు, ఫోన్ చేశాడు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను.

"ఎన్ని కనెక్షన్లు తెరుస్తావు బోర్గిల్?"

"నీళ్లలో ఎన్ని సెన్సర్లుంటే అన్ని. రెండొందలు దాటే ఉంటాయి."

"అన్నీ ఒక్క కంప్యూటర్ మీదేనా?"

"కంప్యూటరంటే ఏదో గొప్పగా ఊహించుకోకు. ఉప్పుగాలికి పాడైన డబ్బా. అయినా పోయిన నెలదాకా బానే నడిచింది, నువ్వు చెయ్యి పెట్టేదాకా."

"నిజమే," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. తర్వాత నావైపు తిరిగి, "నేను చేసిందే, సిన్నె. ఒక్కో కనెక్షన్‌కీ ఒక్కో క్లయింట్ పుట్టేలా రాశాను. ఆమె పడవలో రెండొందల మంది, ఒక్కొక్కడు ఒక్కో చీటీ పట్టుకుని ఒకే గుమ్మానికి పరుగెడుతున్నారు," అన్నాడు.

ఈస్టరుకి ఆయన పదవీ విరమణ. ఈ తప్పు సరిదిద్ది, ఆ మార్పు జనంలోకి వెళ్లడం కళ్లతో చూసి పోవాలని పట్టుబట్టాడు. అప్పటినుంచి ఆయన నోట వేరే మాట లేదు. వీడ్కోలు విందు వద్దన్నాడు, బహుమతి వద్దన్నాడు. "ఇదొక్కటి బయటికెళ్తే చాలు," అన్నాడు.

డిసెంబరు మొదట్లో నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని, మార్పు గురించి వాడేవాళ్లకు అర్థమయ్యేలా ఒక పేజీ రాసిపెట్టమని అడిగాడు.

"ముందు నాకు అర్థం కావాలిగా."

"మీ ఇంట్లో ఖాళీ సీసాలు ఏం చేస్తారు?"

"సంచిలో వేస్తాం. దుకాణంలో వాపసు తీసుకునే మిషను ఉందిగా, అక్కడ వేసొస్తాం."

"సీసా తాగిన ప్రతిసారీ వెళ్తావా?"

"నాకేం పిచ్చా?"

"అదే మరి. వంటింట్లో ఇంటిల్లిపాదికీ ఒకటే సంచి. ఎవరు తాగినా అందులోనే వేస్తారు. సంచి నిండితే ఒకరు పట్టుకెళ్తారు. నిండకపోయినా శనివారం వస్తే పట్టుకెళ్తారు. ఇక్కడ ఒక్కో సర్వర్‌కి ఒక్క క్లయింట్, అదే సంచి. వంద కబుర్లు పోగైతే పంపుతుంది, లేదా అయిదు సెకన్లు గడిస్తే పంపుతుంది. ఇంట్లో ఎంతమంది ఉన్నారో, అంటే ఎన్ని కనెక్షన్లు తెరిచి ఉన్నాయో, లెక్క పెట్టుకుంటుంది. ఒకరు వస్తే ఒకటి కలుపుతుంది, వెళ్తే ఒకటి తీసేస్తుంది. అందరూ వెళ్లిపోయి చివరివాడు తలుపేసేటప్పుడు మిగిలిన సీసాలు పట్టుకుపోవాలి."

"బాగుంది. ఇది నువ్వే రాసెయ్యొచ్చుగా?"

"నేను రాస్తే కంప్యూటర్‌కి అర్థమవుతుంది. మనుషులకి నువ్వు రాయాలి."

ఆ చివరివాడి దగ్గరే గొడవ మొదలైంది. విదార్ మా జట్టు పెద్ద. వయసులో అస్లాక్‌కి సగమే, పనిమంతుడు. మా పద్ధతి ప్రకారం ఎవరు మార్పు రాసినా రెండోవాళ్లొకరు చూసి ఆమోదించాలి. ఆ తర్వాత రాసినవాళ్లే మీట నొక్కి దాన్ని అసలులో కలుపుతారు. అస్లాక్ మార్పు చూడాల్సింది విదార్. భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ వాదనకి దిగారు.

"చివరి మూటలోనే అసలు సంగతులుంటాయి అస్లాక్. ప్రోగ్రాము ఎందుకు పడిపోయిందో దాన్లోనే ఉంటుంది. అది చేరేదాకా ఆగాలి. కనీసం పది సెకన్లు."

"ఎవరు ఆగాలి?"

"ప్రోగ్రాము."

"అంటే బోర్గిల్. పని ముగించుకుని, డబ్బా కట్టేసి, ఒడ్డుకెళ్లే పడవ ఎక్కాలి ఆమె. సముద్రం మధ్యలో నెట్‌వర్క్ ఉండదు. మన సీసాల కోసం ఆమెని గుమ్మంలో నిలబెడతావా?"

"పది సెకన్లకి కొంపేం మునిగిపోదు!"

"ఆమె అడిగిందా మనల్ని కబుర్లు పంపమని? ఒక్క సెకను చూద్దాం. మిషను తీసుకుంటే సరే. లేదంటే సంచి అక్కడే పెట్టి వెళ్లిపోవాలి."

"పోతాయి అస్లాక్, ఆ కబుర్లన్నీ పోతాయి!"

"పోనీ. ఆమె ఇంటికెళ్లిపోతుందిగా."

విదార్ చేప ముక్క నమలడం మానేసి ఆయనకేసి చూశాడు. "ముసలితనం వస్తే నీలాగా మెత్తబడతానేమో, భయమేస్తోంది," అన్నాడు. అందరం నవ్వాం. అస్లాక్ కాగితాలు మడుచుకుంటూ, "నీకంత అదృష్టమా," అన్నాడు.

క్రిస్మసుకు ముందు ఇంకో చిక్కు వచ్చింది. పరీక్షల్లో అప్పుడప్పుడు కొన్ని కబుర్లు మాయమయ్యేవి. రెండు రోజులు కాగితం మీద గీతలు గీసి ఆయనే పట్టుకున్నాడు. మా రంగంలో జాగ్రత్తపరులు చేసే తప్పు అది. కనెక్షన్ మూశామో లేదోనని అనుమానం వచ్చి రెండోసారి మూస్తారు. అలా ఒకడు రెండుసార్లు వెళ్లినట్టు లెక్కలో పడేది. ఇంట్లో ఇంకా మనిషి ఉండగానే లెక్క సున్నా అయ్యేది, సంచి ఎత్తేసి దీపం ఆర్పేసేవాళ్లు.

"మరి ఏం చేశావు?" అని అడిగాను.

"వెళ్లిపోయినవాడికి వెళ్లినట్టు గుర్తు పెట్టాను. రెండోసారి వీడ్కోలు చెప్తే వింటాం, లెక్కలో మాత్రం రాసుకోం." ఆ గీతల కాగితం నా బల్ల మీద పెట్టాడు. "నీ పేజీకి పనికొస్తుందేమో."

అప్పటికి నేను పేజీ మొదలుపెట్టలేదు. నా కథల పుస్తకం ప్రూఫులు వచ్చాయి. పన్నెండేళ్ల తర్వాత వస్తున్న పుస్తకం. ఆఫీసు పని తెమల్చుకుని ఇంటికెళ్లి కామాలు దిద్దుకునేదాన్ని. జనవరి అంతా అలాగే గడిచింది. అస్లాక్ ఎప్పుడైనా టీ కప్పుతో అటుగా వచ్చి కిటికీలోంచి నది మీద మంచుపలకలు చూస్తూ నిలబడేవాడు.

"వచ్చే వారం తప్పకుండా రాస్తాను," అనేదాన్ని నేనే, ఆయన అడగకుండానే.

"తొందరేం లేదు."

"విదార్ ఇంకా తేల్చలేదా? నీ మార్పు అలాగే పడుంది కదా?"

"ఇంకా కలపలేదు," అనేవాడు. "బోర్గిల్‌కి విడిగా ఒక ప్రతి ఎప్పుడో పంపించేశాను. ఆమె చేపలు ఒళ్లు చేస్తున్నాయట. ఇక మిగిలింది నా సరదానే." తర్వాత, "నీ పుస్తకం ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవాడు.

నేను చెప్పేదాన్ని. ఎక్కడ వాక్యం కుదరలేదో, ఏ కథ తీసేయాలనిపిస్తోందో చెప్పేదాన్ని. అంతా శ్రద్ధగా విని, "తీసెయ్యకు," అనేవాడు ప్రతిసారీ, ఏ కథో కూడా అడక్కుండా.

ఫిబ్రవరి పదిహేనున ఆయన పోయాడు. సోమవారం, మంగళవారం కూర్చుని పేజీ రాశాను. రెండు రోజుల పని. సంచి, సీసాలు, గుమ్మంలో చివరివాడు, ఒక్క సెకను, అన్నీ ఆయన చెప్పిన వరసలోనే పెట్టాను. గురువారం విదార్ మీట నొక్కాడు. మార్పు జనంలోకి వెళ్లింది. చూడాల్సిన మనిషి లేడు.

అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో కాఫీ పెట్టారు. ఆయన కూతురు ఫ్రైడిస్ ఉత్తరాన ఉన్న బూదో ఊరి నుంచి వచ్చింది. భర్త పోయాక ఆమె కూడా తండ్రిలాగే ఒంటరిది, ఆదివారం సాయంత్రాలు తండ్రీకూతుళ్లు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లట.

"నాన్న ఇక్కడ ఏం చేసేవాడో నాకెప్పుడూ బుర్రకెక్కలేదు," అంది. "అడిగితే, ఎవరికీ అడ్డం రాకుండా చూస్తుంటాను, అనేవాడు."

సీసాల సంగతి చెప్పాను. ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఆ సంచి మా ఇంట్లో ఎప్పుడూ నాన్నే మోశాడు. మాకెవరికీ అది నిండడం కూడా తెలిసేది కాదు."

నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. గది అవతల విదార్ ఒక్కడే ఉన్నాడు. నేరుగా వెళ్లాను.

"రెండు నెలలు విదార్. ఆయన ఇంకేం కోరుకోలేదు. నీ పంతం కోసం రెండు నెలలు కూర్చోబెట్టావు. ఒక్క ఆమోదం! ఒక్క సెకనా, పది సెకన్లా అని వాదించుకోవడానికి నీకు ఆయనే దొరికాడా?"

చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపారు. విదార్ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి ఆగాడు. చేతిలోని కప్పును రెండుసార్లు తిప్పాడు.

"కాఫీ తెచ్చిపెట్టనా సిన్నె?" అన్నాడు.

"అక్కర్లేదు."

అప్పటినుంచి అతనితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. వాఫిల్స్ రోజున బల్లకి ఆ చివర కూర్చునేదాన్ని. అతను మాత్రం పలకరించడం మానలేదు.

మే నెలలో ఎవరో మా పేజీలో ఒక అక్షరదోషం ఉందని రాశారు. దిద్దుదామని, మొదటిసారి, ఆ మార్పు చరిత్ర తెరిచాను. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమలో తాము రాసుకునే మాటలుంటాయి అక్కడ. నాకెప్పుడూ దాంతో పని పడలేదు. విదార్ ఆమోదం జనవరి తొమ్మిదిన ఉంది. "సరే, ఒక్క సెకనే. ఒప్పుకుంటున్నా, మీట నొక్కు," అని రాశాడు. దాని కిందే, పదకొండు నిమిషాల తర్వాత, అస్లాక్ జవాబు ఉంది: "సిన్నె పేజీ వచ్చాక కలుపుతాను. తన పుస్తకం పనిలో ఉంది. నువ్వు ఒప్పుకున్నట్టు ఆమెకి చెప్పకు."